నిద్రగన్నేరు కింద ఏ మొక్కా నిలవడం లేదు, వేళ్ళన్నీ నేల పైనే ఉన్నాయి

పర్లాకిమిడి_సుధ
మా పెరట్లో మామగారు నాటిన నిద్రగన్నేరు ఉంది. ఇద్దరు మనుషులు చేతులు చాచి పట్టుకున్నా మాను అందదు. మే నెలలో కూడా దాని కింద కూర్చుంటే ఒళ్ళు చల్లబడుతుంది. కానీ కింద నేల మాత్రం బోడి. మూడేళ్ళ నుంచి తంటాలు పడుతున్నాను. మొదటి ఏడు మందారం, గులాబీ పెట్టాను. నీడకు సాగిపోయాయి తప్ప పూయలేదు. రెండో ఏడు క్రోటన్లు తెచ్చాను. గునపం ఎక్కడ వేసినా వేరుకే తగిలింది. కొన్ని వేళ్ళు నా మోచేతి అంత లావున నేల మీదనే పాకుతున్నాయి.

పోయిన ఏడు జూన్‌లో రెండు ట్రాక్టర్ల ఎర్రమట్టి తోలించి, వేళ్ళన్నీ కప్పి, మాను చుట్టూ అడుగున్నర ఎత్తున మడి కట్టించాను. వానలకు పసుపు, చేమ బ్రహ్మాండంగా లేచాయి. సంక్రాంతి నాటికి రెండూ ఎండిపోయాయి. మట్టి పెళ్ళగించి చూస్తే అందులో వెంట్రుకల్లాంటి వేళ్ళు వల అల్లినట్టు ఉన్నాయి. అంతకంటే పెద్ద దిగులు, ఈసారి చిగురు వచ్చినప్పుడు తూర్పు వైపు కొమ్మల చివర్లు మోడుగానే ఉండిపోయాయి. ఇంట్లో అందరూ చెట్టు కొట్టించేయమంటున్నారు. నాకు చెట్టూ కావాలి, దాని కింద పచ్చదనమూ కావాలి. దారి ఉంటే చెప్పండి.

బల్లార్షా_వేణు
అడ్డం వచ్చిన నాలుగు వేళ్ళు నరికి గుంటలు చేసుకోండి. అంత పెద్ద చెట్టుకు నాలుగు వేళ్ళు పోతే ఏమవుతుంది? మా వీధిలో అందరూ అలాగే చేశారు.

ఉద్దానం_కుర్రాడు
వేణు గారూ, ఆ సలహా మాత్రం ఇవ్వకండి. మా ఇంటి ముందు ఎర్ర తురాయి ఉండేది. 2017లో ప్రహరీ పునాది కోసం ఒక వైపు వేళ్ళు వరుసగా నరికించాం. చెట్టుకు ఏమీ కాలేదనే అనుకున్నాం, మరుసటి వేసవిలో విరగబూసింది కూడా. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా తీరం దాటింది. వెలుగు వచ్చాక తలుపు తీస్తే చెట్టు పశువుల పాక మీద పడి ఉంది. పైకి లేచిన మొదలు దగ్గర ఒక వైపు వేళ్ళు బారుగా చీలి ఉన్నాయి. మేము నరికిన వైపు రంపంతో కోసినట్టు నున్నటి మొండాలు. మా ఆవు కాలు విరిగింది. ఆ తుపానుకు మంచి చెట్లు కూడా పడ్డాయి, నిజమే. జీడి, కొబ్బరి తోటలే నేలమట్టమయ్యాయి. అయినా ఆ మొండాలు చూసిన తరువాత నేను ఏ చెట్టు వేరు మీదా గొడ్డలి వేయలేదు.

చాందా_లక్ష్మి
పర్లాకిమిడి కూడా తిత్లీ దెబ్బ తిన్న ఊరే కదా. సుధ గారికి వేరే చెప్పనక్కరలేదు.

పర్లాకిమిడి_సుధ
అవునండీ. ఆ రాత్రి ఈ చెట్టు రెండు పెద్ద కొమ్మలు పోగొట్టుకుంది గానీ నిలబడింది. అందుకే కొట్టించమంటే నాకు చేతులు రావడం లేదు.

బరంపురం_మాస్టారు
సుధమ్మా, మొక్కల సంగతి తరువాత. ముందు ఆ మట్టి సంగతి చూడాలి.

వేరు అనగానే మాను కింద నిలువుగా పాతాళానికి దిగి ఉంటుందని అనుకుంటాం. నీళ్ళనూ పోషకాలనూ పీల్చే సన్న వేళ్ళలో ఎక్కువ భాగం పైన ఉన్న అడుగు, అడుగున్నర మట్టిలోనే ఉంటుంది. కొమ్మల నీడ పడే మేర దాటి ఇంకా చాలా దూరం పాకి ఉంటుంది. ఎందుకంటే గాలి ఆడేది ఆ పై మట్టిలోనే. వేరుకూ ఊపిరి కావాలి. నువ్వు దాని మీద అడుగున్నర మట్టి పోసి తొక్కించావు. కింద ఉన్న పాత వేళ్ళకు గాలి అందక నీరసించాయి. ఊపిరి కోసం చెట్టు కొత్త మట్టిలోకి సన్న వేళ్ళను పంపింది. నువ్వు చూసిన వల అదే. కొమ్మ చివర్లు ఎండడం ఆ ఇబ్బందికి గుర్తు.

మాను మొదట్లో ఇంకో ప్రమాదం ఉంది. మాను బెరడు గాలికీ ఎండకూ అలవాటు పడిన చర్మం. దానికి ఏడాది పొడుగునా తడి మట్టి ఆనుకుని ఉంటే మెత్తబడి కుళ్ళుతుంది. మాను నేలను తాకే చోట ఏనుగు పాదంలా వెడల్పుగా విచ్చుకుని ఉండాలి. ఇప్పుడు అలా కనిపిస్తోందా, లేక స్తంభం పాతినట్టు నిట్టనిలువుగా మట్టిలోకి దిగిపోయిందా, చూసి చెప్పు.

పర్లాకిమిడి_సుధ
స్తంభం పాతినట్టే ఉంది మాస్టారూ. గుండె జారిపోయింది.

రాయగడ_రామారావు
దిగులు పడకండి. జేసీబీ పిలిపిస్తే ఒక్క పూటలో మట్టంతా ఎత్తి అవతల పోస్తుంది.

బరంపురం_మాస్టారు
వద్దు రామారావు గారూ. ఆ యంత్రం బరువుకే కింది మట్టి గట్టిపడి, ఉన్న గాలి కూడా పోతుంది. దాని పళ్ళకు పెద్ద వేళ్ళ బెరడు ఊడి వస్తుంది. పైగా కొత్త మట్టిలో పుట్టిన సన్న వేళ్ళ మీదే చెట్టు ఇప్పుడు కొంత ఆధారపడి ఉంది. నడివేసవిలో వాటిని ఒక్కసారిగా ఎండకు పెడితే రెండో దెబ్బ అవుతుంది.

మాను చుట్టూ మూడు అడుగుల మేర మాత్రం ఈ వారమే తీసేయాలి, చేత్తో, బొరిగెతో. మిగతాది వానలు పట్టాక విడతలుగా. తీసిన చోట వెంటనే ఎండుటాకు పరచాలి.

గుణుపురం_గౌరి
ఒక్క మాట. సంక్రాంతికి పసుపు ఎండిపోయిందని సుధ గారు అన్నారు. పసుపు ఆ వేళకు ఎండాలి కదండీ! ఆకు పండి వాలిపోతేనే దుంప ఊరినట్టు లెక్క. చేమ కూడా అంతే, చలికాలంలో ఆకు రాలుస్తుంది. మీ మొక్కలు చచ్చిపోలేదు, పడుకున్నాయి. మట్టి తీసేటప్పుడు చూసుకోండి, దుంపలు దొరుకుతాయి.

పర్లాకిమిడి_సుధ
గౌరి గారూ, మీ మాట చదివి అప్పటికప్పుడు వెళ్ళి చేత్తో తవ్వాను. ఉన్నాయి! వేలెడంత పసుపు కొమ్ములు. ఒకటి విరిస్తే లోపల ముదురు నారింజ రంగు, చెయ్యంతా పసుపు వాసన. సన్నగా ఉన్నాయి గానీ బతికే ఉన్నాయి. నేను వాటిని చచ్చినవనుకుని నీళ్ళు మానేశాను.

గుణుపురం_గౌరి
ఎండాక నీళ్ళు మానేయడమే మంచిదయింది, లేకపోతే దుంప కుళ్ళేది. సన్నగా ఉండడానికి కారణం చెట్టు వేళ్ళతో పోటీ.

సిరొంచ_శంకర్
మాకు ఇటు గోదావరి, అటు ప్రాణహిత ఉన్నా మే నెలలో నేల పెనంలా కాలుతుంది. నల్లరేగడి నెర్రెలు విచ్చుకుంటుంది. మా ఇంటి వెనక పెద్ద మామిడి కింద నేను ఇరవై కుండీలు పెట్టాను. నేలలో పెట్టడం మానేయండి, కుండీలే మేలు. చెట్టుకు బాధ లేదు, మొక్కకూ లేదు.

చాందా_లక్ష్మి
శంకరన్నా, మట్టి కుండీలు మా ఎండకు పూటకొకసారి ఎండిపోతాయి. ఇక్కడ 45 డిగ్రీలు దాటిన రోజుల్లో పొద్దున పోసిన నీరు మధ్యాహ్నానికి ఉండదు. రెండు రోజులు పెళ్ళికి వెళ్ళి వస్తే నా ఫెర్న్‌లు అప్పడాల్లా అయిపోయాయి.

సిరొంచ_శంకర్
కుండీలను విడివిడిగా పెట్టకు చెల్లీ, గుంపుగా ఒకదానికొకటి ఆనించి పెట్టు. చుట్టూ తడి గోనెసంచి చుట్టు. ఇంకో సంగతి, కుండీని నేరుగా నేల మీద పెట్టకూడదు. నేను మొదట పెట్టాను. ఏడాది తరువాత ఒక కుండీ కదపబోతే కదలలేదు. అడుగు రంధ్రంలోంచి మామిడి వేరు లోపలికి దూరి కుండీ నిండా చుట్టుకుంది. నేను పోసిన నీళ్ళన్నీ మామిడే తాగింది. ఇప్పుడు ప్రతి కుండీ కింద రెండు ఇటుకలు, మధ్యలో ఖాళీ.

ఉద్దానం_కుర్రాడు
ఆ ఏడు మామిడికాయలు బాగా కాశాయా అన్నా?

సిరొంచ_శంకర్
కాశాయి తమ్ముడూ, రా, ఊరగాయ పెట్టిస్తాను.

జయపురం_కాఫీతోట
మా కొరాపుట్ వైపు నీడ కింద సాగే బతుకుతెరువు. సిల్వర్ ఓక్ నీడలో కాఫీ, అదే మానుకు మిరియాల తీగ. సుధ గారూ, నేలలో చోటు లేకపోతే మాను మీదికి పంపండి. మిరియాల తీగ గానీ, తమలపాకు తీగ గానీ. మానుకు ఆనించి నాటవద్దు, అడుగు దూరంలో ఉత్తరం వైపు నాటి కర్రతో మాను మీదికి వాల్చండి. నిద్రగన్నేరు బెరడు గరుకు కాబట్టి తీగ గోళ్ళు బాగా పట్టుకుంటాయి. కాఫీ మొక్కలు కూడా నాలుగు పెట్టి చూడండి.

చాందా_లక్ష్మి
కాఫీ కొండల మీద చల్లదనానికి బతుకుతుంది. మైదానంలో పచ్చగా ఉన్నా కాపు ఆశించలేం. మీ చలి మాకు పంపిస్తే అప్పుడు పెడతాం.

జయపురం_కాఫీతోట
కాఫీ మాట ఒప్పుకుంటున్నాను. పర్లాకిమిడికి మిరియం కూడా నీరు తగ్గకుండా చూస్తేనే. తమలపాకు మాత్రం ధైర్యంగా పెట్టుకోవచ్చు. పిప్పలి కూడా నీడ మొక్కే, నేల మీద పాకుతుంది, లోతు అడగదు. విశాఖ ఏజెన్సీలో దాని వేరు కోసం, అంటే మోడి కోసం, నీడలోనే పెంచుతారు. మీరు ఆకు, కాయ తీసుకుని వేరు జోలికి పోకుండా ఉంటే చాలు.

రాయగడ_రామారావు
ఇంత శ్రమ ఎందుకు, చుట్టూ సిమెంటు అరుగు కట్టి గచ్చు చేయిస్తే శుభ్రంగా ఉంటుంది. సాయంత్రం కుర్చీలు వేసుకోవచ్చు.

గుణుపురం_గౌరి
రామారావు గారూ, మాస్టారు ఊపిరి గురించి అంత చెప్పాక మళ్ళీ గచ్చా! కుర్చీలు మట్టి మీద కూడా నిలుస్తాయి.

రాయగడ_రామారావు
సరే, గచ్చు వద్దు. మరి వేళ్ళు కాళ్ళకు తగిలి పెద్దవాళ్ళు పడిపోతే? మా అమ్మ అలాగే పడి తుంటి విరగ్గొట్టుకుంది. అందుకే ఆ మాట అన్నాను.

బరంపురం_మాస్టారు
అది నిజమైన భయమే. నడిచే దారి ఒకటి నిర్ణయించుకుని అక్కడ రెండు, మూడు అంగుళాల మందాన చెక్కపొట్టు గానీ ఎండుటాకు గానీ వేయించండి. నీరూ గాలీ దిగుతాయి, కాలు తట్టుకోదు. దారికి ఇరుపక్కలా మొక్కలు ఉంటే జనం వేళ్ళ మీదికి పోరు.

పర్లాకిమిడి_సుధ
ఎండుటాకు దగ్గరే మా ఇంట్లో పేచీ. అత్తగారు తెల్లవారగానే పెరడంతా ఊడ్చి, ఆకు కుప్ప వేసి చెట్టు కిందే కాలుస్తారు. ఆకు ఉంటే ఇల్లు పాడుబడినట్టు ఉంటుందంటారు. పాములు చేరతాయని భయం కూడా.

బరంపురం_మాస్టారు
కాల్చడం వెంటనే మానాలి. ఆ మంట కింద రెండు అంగుళాల లోతులో ఉన్నవి అవే సన్న వేళ్ళు. నిద్రగన్నేరు చిక్కుడు జాతి చెట్టు. దాని ఆకులో నత్రజని ఎక్కువ. చిన్న ఆకులు కాబట్టి ఒక్క వానాకాలంలో చివికి ఎరువైపోతుంది. డబ్బు పెట్టి మట్టి కొన్నావు, ఉచితంగా వచ్చే ఎరువును తగలబెడుతున్నారు.

చాందా_లక్ష్మి
పాముల మాట కొట్టిపారేయకండి మాస్టారూ. మా వైపు ఆకుల కుప్పలో కట్లపాము దొరికింది. మోకాలి ఎత్తు గుబురుగా పెరిగే మొక్కలను ఇంటి గోడకూ, గుమ్మానికీ దూరంగా పెట్టాలి. గోడ వెంబడి నాలుగు అడుగులు శుభ్రంగా ఊడ్చుకోవాలి. ఆకును కుప్పగా పోయకుండా పలచగా పరిస్తే దాగే చోటు ఉండదు. రాత్రి పూట టార్చి లేకుండా అటు వెళ్ళవద్దు.

గుణుపురం_గౌరి
అత్తగారికి నేను ఒక దారి చెబుతాను. గోడ నుంచి ముగ్గు వేసే వాకిలి దాకా ఊడ్చే రాజ్యం ఆవిడది. మాను చుట్టూ ఇటుకలు పేర్చి గుండ్రంగా హద్దు పెట్టండి. ఊడ్చిన ఆకు ఆ హద్దులో వేయమనండి. మా ఇంట్లో అలాగే సర్దుకుంది. హద్దు కనిపిస్తే అది చెత్త కాదు, తోట అనిపిస్తుంది.

సిరొంచ_శంకర్
ఇంతకీ నేలలో ఏం పెట్టాలి? అసలు ప్రశ్న అక్కడే ఉండిపోయింది.

బరంపురం_మాస్టారు
నేను మా పనస చెట్టు కింద పన్నెండేళ్ళుగా చేస్తున్నది చెబుతాను.

పెద్ద మొక్కలు కొనవద్దు. నర్సరీలో పెద్ద కవరు మొక్క చూడముచ్చటగా ఉంటుంది, కానీ దానికి పెద్ద గుంట కావాలి, అంటే వేళ్ళు తెగాలి. పిడికిలి పట్టే గుంటలో ఇమిడే పిలకలనే తీసుకోవాలి. గునపం, పార పక్కన పెట్టి బొరిగెతో మెల్లగా గీకుతూ పోతే రెండు లావు వేళ్ళ మధ్య ఎక్కడో మెత్తని చోటు దొరుకుతుంది. బొటనవేలి లావు వేరు తగిలితే గుంట పూడ్చి జానెడు పక్కకు జరగాలి. నేను ఒక పిలక కోసం నాలుగు చోట్ల గీకిన రోజులున్నాయి. గుంటలో గుప్పెడు చివికిన ఎరువు, అంతే. నాటడానికి తొలకరి తరువాత మబ్బు పట్టిన రోజు మంచిది.

మాను దగ్గర గాఢమైన నీడలో సాన్సివేరియా, మనీ ప్లాంటు, సింగోనియం. ఇవి పొడి నేలను ఓర్చుకుంటాయి. కొంచెం బయటకు, పొద్దుటి ఎండ గంటో రెండు గంటలో తగిలే చోట స్పైడర్ లిల్లీ, కనకాంబరం, వాము ఆకు. కొమ్మల అంచున నీరు జారే చోట సరస్వతి ఆకు పరుచుకుంటుంది, దానికి తడి ఆరకూడదు.

మొదటి రెండేళ్ళు వేసవిలో నీరు తప్పదు. చెట్టు కింద నేల మనం అనుకునేదానికంటే పొడిగా ఉంటుంది, చిన్న జల్లు ఆకుల మీదే ఆగిపోతుంది. చూపుడు వేలు రెండు కణుపుల దాకా దింపి చూడాలి, పైన తడి చూసి మోసపోకూడదు.

ఉద్దానం_కుర్రాడు
నిద్రగన్నేరు సాయంత్రం ఆకు ముడుస్తుంది కదా మాస్టారూ. రాత్రి వాన నేరుగా కిందికి పడుతుంది. మిగతా చెట్ల కంటే ఇది కింది మొక్కలకు దయగల చెట్టు.

బరంపురం_మాస్టారు
బాగా పట్టుకున్నావు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆకు రాల్చి కొన్నాళ్ళు ఎండ కూడా ఇస్తుంది. పనసకు ఆ రెండూ లేవు.

చాందా_లక్ష్మి
డిఫెన్‌బేకియా పేరు ఎవరూ ఎత్తకపోవడం మంచిదయింది. నీడలో అద్భుతంగా వస్తుంది గానీ ఆకు నమిలితే నోరు, నాలుక వాచిపోతాయి. పిల్లలు, దూడలు తిరిగే పెరట్లో వద్దు.

జయపురం_కాఫీతోట
పసుపు, అల్లం ఎందుకు వదిలేశారు? నీడ పంటల్లో వాటిని మించినవి లేవు. మా ఒడిశాలోని కంధమాల్ పసుపుకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, అదంతా కొండ నేలలోనే కదా.

బరంపురం_మాస్టారు
కావాలనే వదిలేశాను. పసుపు పెడితే తవ్వాలి. ప్రతి ఏడూ మాను చుట్టూ గునపం వేస్తే ఏటా సన్న వేళ్ళు తెగుతాయి. కంద కూడా అంతే. తవ్వి తీసే పంట ఏదీ వేళ్ళ మీద వద్దు. సిమెంటు సంచిలో పెట్టుకో, సంచిని బోర్లిస్తే పంట చేతికి వస్తుంది.

పర్లాకిమిడి_సుధ
మాస్టారూ, నాకు దుంప అక్కరలేదు. ఆకు కోసమే పెట్టాను. ప్రథమాష్టమికి, అంటే ఒడియా వాళ్ళు ఇంటి పెద్దబిడ్డకు చేసే పండుగకు, మా పక్కింటి అక్క మా పెద్దమ్మాయికి కూడా దీపం చూపించి, పసుపాకులో చుట్టి ఆవిరికి ఉడికించే ఎండురి పిఠా పెడుతుంది. ఏటా పసుపాకు బజారులో కొంటాం, సగం చిరిగినవే వస్తాయి. మా పెరటి ఆకుతో చేయాలని నా కోరిక.

బరంపురం_మాస్టారు
ఆకు కోసమా! అయితే నా అభ్యంతరం పోయింది. తవ్వకుండా వదిలేస్తే అక్కడే ఏటా లేస్తుంది. కొమ్మల అంచు వైపు, వెలుతురు పడే చోట పెట్టు. ఆకు వెడల్పుగా రావాలంటే సంచిలో నాలుగు కొమ్ములు, నేలలో నాలుగు పెట్టి రెండూ చూడు.

బల్లార్షా_వేణు
వేళ్ళు నరకమన్నది నేనే. మా వీధిలో నరికిన చెట్లను ఇవాళ వెళ్ళి చూశాను. ఐదింటిలో రెండు ఒక పక్కకు ఒరిగి ఉన్నాయి, ఇన్నాళ్ళూ గమనించలేదు. వానాకాలం లోపు కొమ్మల బరువు తగ్గించమని చెప్పాలి. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

పర్లాకిమిడి_సుధ
జులై రెండో వారం. మాను చుట్టూ మట్టి తీయడానికి నాకూ మా అమ్మాయికీ ఆరు రోజులు పట్టింది. చివర చేత్తో, నీళ్ళ పైపుతో కడుగుతూ తీశాం. ఏనుగు పాదం మళ్ళీ కనిపించింది. ఒక చోట అరచేయంత మేర బెరడు నల్లబడి మెత్తగా ఉంది. మిగతాదంతా గట్టిగానే ఉంది. ఆ నల్లటి చోట ఏమైనా పూయాలా?

బరంపురం_మాస్టారు
ఏమీ పూయకు. గాలికి ఆరనివ్వు. తారు, రంగు వంటివి పూస్తే తడి లోపలే చిక్కుకుంటుంది. వేలితో నొక్కి చూస్తూ ఉండు. మెత్తదనం పెరగకపోతే చెట్టే అంచుల నుంచి పూడ్చుకుంటుంది.

గుణుపురం_గౌరి
అత్తగారు ఎలా ఉన్నారు?

పర్లాకిమిడి_సుధ
ఇటుకల హద్దు ఆవిడే దగ్గరుండి పెట్టించారు. ఇప్పుడు ఆకు ఊడ్చి తెచ్చి ఆవిడే పరుస్తున్నారు, ఎవరైనా తొక్కితే ఊరుకోవడం లేదు.

సిరొంచ_శంకర్
ఆవిడకూ ఇక్కడ ఒక పేరు ఇప్పించండి.

పర్లాకిమిడి_సుధ
నవంబరు. చాలా రోజులకు రాస్తున్నాను. నాటిన ముప్ఫై పిలకల్లో ఇరవై ఒకటి నిలిచాయి. పోయినవి ఎక్కువగా మాను దగ్గరి కనకాంబరాలు, వాటికి అక్కడ వెలుతురు చాలలేదు. సాన్సివేరియా ఒక్కటీ పోలేదు. తమలపాకు తీగ నా భుజం ఎత్తు పాకింది. తూర్పు కొమ్మల ఎండు చివర్లు కోయించేశాం, కింది కణుపుల్లోంచి చిగురు వచ్చింది. మిగతా సగం మట్టి వచ్చే తొలకరికి తీస్తాను.

పసుపు నేలలో కంటే సంచిలోనే ఏపుగా పెరిగింది. ప్రథమాష్టమి నాడు పొద్దున్నే పదకొండు ఆకులు కోశాం. అంచులు అప్పుడే కొంచెం పసుపు తిరుగుతున్నాయి. పక్కింటి అక్క రుబ్బిన పిండి ఆకు మీద పరిచి, కొబ్బరి బెల్లం పెట్టి మడిచింది. ఆవిరికి ఇల్లంతా పసుపాకు వాసన. మూడు పిఠాలు ఆకులోనే చుట్టి ఉంచాను, బరంపురం వెళ్ళే బస్సులో మా తమ్ముడు వస్తున్నాడు. మాస్టారూ, బస్టాండు దగ్గరికి ఎవరినైనా పంపగలరా?

బరంపురం_మాస్టారు
నేనే వస్తాను.